మోడెమ్ లైటు పచ్చగానే ఉంది, మీటర్లే పలకడం లేదు: ఒక పంపింగ్ స్టేషన్ గేట్‌వే కేస్ స్టడీ

మనిషి కాపలా లేని నీటి పంపింగ్ స్టేషన్ అది. మోటార్ ప్యానెళ్లలో 6 ఎనర్జీ మీటర్లు, డెలివరీ పైపు మీద ఒక ఫ్లో మీటర్ ఉన్నాయి. ఈ ఏడూ ఒకే ఆర్‌ఎస్-485 లైను (చాలా పరికరాలు పంచుకునే సీరియల్ లైను) మీద మోడ్‌బస్ ఆర్‌టీయూలో (ఒకరు అడిగితే ఒకరు జవాబిచ్చే ప్రోటోకాల్) మాట్లాడతాయి. పంపుల సీక్వెన్స్ చూసే పాత పీఎల్‌సీకి (యంత్రాలను నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్) ఉన్నది ఒక్క ఆర్‌ఎస్-232 (ఇద్దరి మధ్యే నడిచే సీరియల్) పోర్టే. వీటన్నిటినీ కంట్రోల్ రూమ్‌లోని స్కాడాకి (దూరం నుంచి రీడింగులు చూసే, కంట్రోల్ చేసే సాఫ్ట్‌వేర్) కలిపేది ప్యానెల్‌లోని డిన్ రైలు (పరికరాలు బిగించే లోహపు పట్టీ) మీద కూర్చున్న గేట్‌వే. దానికి 24 వోల్టుల సప్లై, రెండు సీరియల్ పోర్టులు (పీ1 ఆర్‌ఎస్-232, పీ2 ఆర్‌ఎస్-485), ఒక ఈథర్నెట్, లోపలే ఎల్‌టీఈ మోడెమ్, రెండు యాంటెన్నా కనెక్టర్లు. స్కాడా ప్రతి 10 సెకన్లకు 8 పరికరాలనూ ఒక్కో ప్రశ్న అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకు 10 రిజిస్టర్లు (పరికరంలో రీడింగులు ఉండే గళ్లు).

ఫిర్యాదులు నాలుగు. పంపు స్టార్ట్ అయినప్పుడల్లా దూరపు మీటర్లు 5, 6 'కామ్ ఫెయిల్' చూపిస్తాయి. ఫ్లో మీటర్, పీఎల్‌సీ మొదటి రోజు నుంచీ ఒక్క రీడింగూ ఇవ్వలేదు. ఏ ప్యానెల్‌కైనా మెయింటెనెన్స్ కోసం కరెంట్ తీస్తే ఆ ఒక్క మీటరే కాదు, లైను మీదున్నవన్నీ స్కాడాలో ఎర్రబడతాయి. ఇక కొన్ని రోజులకోసారి సైట్ మొత్తం మాయమవుతుంది. ఎవరో ఒకరు వెళ్లి గేట్‌వే పవర్ తీసి పెడితేనే తిరిగి వస్తుంది. ఇంత జరుగుతున్నా మోడెమ్ లైటు పచ్చగానే ఉంది, అందుకే 'మోడెమ్ బాగుంది, మీటర్లు చూడండి' అని ఒకరు, 'మీటర్లు బాగున్నాయి, నెట్‌వర్క్ చూడండి' అని మరొకరు.

ఇలాంటి చోట గేట్‌వే వెబ్ పేజీ తెరిచి ఒక్కో సెట్టింగూ మార్చి చూడటం మొదలుపెడితే రోజు గడిచిపోతుంది, ఏది మార్చడం వల్ల ఏం బాగైందో తెలియదు. రాగి తీగ, సీరియల్ సెట్టింగులు, ప్రోటోకాల్ మార్పిడి, మోడెమ్, టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా స్కాడా దాకా వేసే రహస్య దారి): ఈ ఐదు మెట్లనూ వేటికవే విడిగా, కింది నుంచి పైకి తేల్చుకోవాలి. కింది మెట్టు నికరంగా నిలిచాకే పై మెట్టు మీద కాలు పెట్టాలి. ఇక్కడ ఐదింటిలోనూ ఏదో ఒక తప్పు దొరికింది.

మీటర్ల లైను

లైను పొడవు 180 మీటర్లు, 24 గేజ్ షీల్డెడ్ ట్విస్టెడ్ పెయిర్. ఒక కొసన గేట్‌వే, సుమారు 90 మీటర్ల దగ్గర మీటర్ 3, రెండో కొసన ఫ్లో మీటర్. ముందు చేయాల్సింది మల్టీమీటర్ పని. పరికరాలన్నిటికీ పవర్ తీసి, గేట్‌వేలో బయాస్ (నిశ్శబ్ద వేళ రెసిస్టర్ల ద్వారా లైనుకు కాస్త వోల్టేజీ ఇవ్వడం) స్విచ్ ఆఫ్ చేసి (అది ఆన్‌లో ఉంటే ఆ రెసిస్టర్లూ కొలతలో కలుస్తాయి), రెండు తీగల మధ్య ఓంలు చూడాలి. లైను రెండు కొసలా 120 ఓంల టెర్మినేషన్ (సిగ్నల్ కొస తగిలి వెనక్కి రాకుండా పెట్టే రెసిస్టర్) ఉంటుంది కాబట్టి 60 రావాలని పుస్తకం లెక్క. కానీ తీగకీ రెసిస్టెన్స్ ఉంది. 24 గేజ్‌కి కిలోమీటరుకు సుమారు 84 ఓంలు, 180 మీటర్లకు పోను రాను కలిపి 30 ఓంలు. అందుకని గేట్‌వే దగ్గర నుంచి చూస్తే 120కి సమాంతరంగా 150, అంటే 67 దాకా రావాలి. ఇక్కడ 47 వచ్చింది. లైను మీద ఎక్కడో మూడో టెర్మినేషన్ ఉందన్నమాట. వెతికితే మీటర్ 3లో దొరికింది. టెర్మినల్ కవర్ తీస్తే లోపల రెండు పిన్నుల మీద గోరంత జంపర్. పక్క మీటర్లలో ఆ జంపర్ ఒక్క పిన్నుకే తగిలించి ఉంది, ఇందులో రెండిటినీ కలిపి ఉంది. ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చి ఉండవచ్చు, స్పేర్‌గా తెచ్చి మార్చిన మీటర్ కావచ్చు. ఏదైనా సరే, కొత్త మీటర్ బిగించేముందు ఆ కవర్ తీసి చూడటం అలవాటుగా పెట్టుకోవాలి.

మూడో 120 ఓంలు ఉంటే ఏమవుతుందన్నది అర్థమైతేనే దూరపు మీటర్లే ఎందుకు తప్పుతున్నాయో తెలుస్తుంది. ఆర్‌ఎస్-485లో ఎవరూ మాట్లాడని వేళ లైనును ఎవరూ పట్టుకోరు. అప్పుడు దాన్ని '1' స్థితిలో నిలిపేది బయాస్ ఒక్కటే. రెండు తీగల మధ్య తేడా 200 మిల్లీవోల్టులు దాటితే రిసీవర్ కచ్చితంగా 1 అని చదవాలి. ప్లస్ 200కీ మైనస్ 200కీ మధ్య పడితే అది 1 అన్నా 0 అన్నా స్టాండర్డ్ ప్రకారం తప్పు కాదు. ఈ గేట్‌వేలో బయాస్ 5 వోల్టుల నుంచి రెండు 560 ఓంల రెసిస్టర్ల ద్వారా వస్తుంది. మూడు టెర్మినేషన్లు ఉన్నప్పుడు లెక్క కడితే గేట్‌వే టెర్మినల్ దగ్గర 0.20 వోల్టు, మీటర్ 3 దగ్గర 0.16, చివర ఫ్లో మీటర్ దగ్గర 0.15. కొలిస్తే దాదాపు అవే వచ్చాయి. ఇక్కడే చాలామంది పొరపాటు పడేది. గేట్‌వే దగ్గర నిలబడి 0.20 చూసి 'సరిపోతుంది' అని ప్యానెల్ తలుపు మూసేస్తారు. ప్రశ్న వినాల్సింది గేట్‌వే కాదు, మీటర్. కొలత మీటర్ దగ్గర తీసుకోవాలి.

0.15 వోల్టు మీద నిలిచిన లైనులోకి వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్ (మోటార్ వేగం మార్చే పరికరం) స్టార్ట్ అయినప్పుడు నాయిస్ చొరబడుతుంది. తేడా ఒక్క క్షణం కిందికి జారితే మీటర్ దాన్ని స్టార్ట్ బిట్ అనుకుంటుంది, ఒక చెత్త బైట్ చదువుతుంది. ఆ వెనకే గేట్‌వే అసలు ప్రశ్న పంపుతుంది. మోడ్‌బస్ ఆర్‌టీయూలో ఫ్రేముకీ ఫ్రేముకీ (ఒక్కో ప్రశ్న లేదా జవాబు ఒక ఫ్రేము) మధ్య కనీసం మూడున్నర అక్షరాల కాలం నిశ్శబ్దం ఉండాలి. చెత్త బైట్ ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టింది కాబట్టి మీటర్ దృష్టిలో అది ప్రశ్నకు మొదటి బైట్ అయిపోతుంది. సీఆర్‌సీ (ఫ్రేము చెడకుండా వచ్చిందో లేదో తేల్చే లెక్క) కుదరదు. సీఆర్‌సీ తప్పిన ప్రశ్నకు జవాబివ్వకూడదన్నది రూలు, మీటర్ మౌనంగా ఉండిపోతుంది. స్కాడాలో కనిపించేది టైమవుట్. మీటర్ చెడిందనుకుని మార్చేస్తారు. కొత్త మీటరూ అలాగే మౌనంగా ఉంటుంది.

జంపర్ తీశాక గేట్‌వే దగ్గర 0.28, చివర 0.22 వచ్చింది. లైనును డ్రైవ్ అవుట్‌పుట్ కేబుల్ పక్కనే ఒకే ట్రేలో లాగి ఉంటే దాన్ని కూడా ఒక అడుగు దూరం జరిపి, దాటక తప్పని చోట అడ్డంగా 90 డిగ్రీల్లో దాటించారు. షీల్డును గేట్‌వే ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేశారు. కామన్ తీగ కోసం మూడో కోర్ వాడారు. దూరంగా ఉన్న ప్యానెళ్ల ఎర్తుల మధ్య తేడా పెరిగి, రిసీవర్ తట్టుకోగలిగిన మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల హద్దు దాటితే లైను ఎంత శుభ్రంగా ఉన్నా పనిచేయదు, ఒక్కోసారి చిప్పే కాలిపోతుంది. రెండు తీగలుంటే చాలు, మూడోది ఎందుకని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వేయాల్సిందే.

ఫ్లో మీటర్ మొదటి నుంచీ మూగగా ఉండటానికి కారణాలు రెండు. మొదటిది ఏ, బీ తారుమారు. స్టాండర్డ్ ప్రకారం నిశ్శబ్ద వేళ బీ తీగ ఏ కంటే ఎక్కువ వోల్టేజీలో ఉండాలి. చాలా ట్రాన్సీవర్ చిప్పుల తయారీదారులు సరిగ్గా తిరగేసి పేర్లు పెట్టారు, వాటిలో ఏ ఎక్కువ. పరికరం తయారీదారు దేన్ని పాటించాడో పేరు చూసి చెప్పలేం. అందుకే ఏ, బీ అక్షరాల వెంట పడకుండా, నిశ్శబ్ద వేళ ప్లస్ వైపున్న తీగ ఏదో మల్టీమీటర్‌తో చూసి దానికి ఒకే రంగు కేటాయించి, అన్ని పరికరాల్లోనూ ఆ రంగు ప్లస్ టెర్మినల్‌కే వెళ్లేలా చూసుకోవాలి. పరికరంలో ఏది ప్లస్సో తేలకపోతే తీగలు మార్చి బిగించి చూడండి. దానివల్ల చిప్పుకు హాని లేదు.

రెండో కారణం పారిటీ, అంటే తప్పు పట్టడానికి ప్రతి అక్షరానికీ చేర్చే బిట్. ఎనర్జీ మీటర్లన్నీ 9600 (సెకనుకు బిట్లు), 8-ఎన్-1లో (8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్) ఉన్నాయి, ఫ్లో మీటర్ 8-ఈ-1లో (ఈవెన్ పారిటీ) ఉంది. ఒక లైను మీద రెండు రకాలు కుదరవు. మోడ్‌బస్ సీరియల్ స్పెసిఫికేషన్ డిఫాల్ట్‌గా చెప్పేది ఈవెన్ పారిటీయే. పారిటీ వద్దనుకుంటే రెండు స్టాప్ బిట్లు పెట్టమంటుంది, ఎటు చూసినా అక్షరానికి 11 బిట్లు రావాలని. ఇక్కడ అన్నిటినీ 9600, 8-ఈ-1కి మార్చారు.

వేగం పెంచి 19200 చేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. లెక్క చూద్దాం. 9600 మీద 11 బిట్ల అక్షరానికి 1.15 మిల్లీసెకన్లు. ప్రశ్న 8 బైట్లకు 9, 10 రిజిస్టర్ల జవాబు 25 బైట్లకు 29, నిశ్శబ్దానికి 4 మిల్లీసెకన్లు. మీటర్ ఆలోచించుకోవడానికి తీసుకునేది 40 నుంచి 110. వెరసి గట్టిగా 150. వేగం రెట్టింపు చేస్తే మిగిలేది ఇరవై మిల్లీసెకన్లే, మీటర్ ఆలోచనా కాలం తగ్గదు. 180 మీటర్ల లైను మీద నాయిస్ మధ్య ఆ లాభం కోసం వేగం పెంచనక్కర్లేదు.

గేట్‌వే పోర్టు కౌంటర్లు ఈ దశలో చాలా మాట్లాడతాయి. పంపినవి పెరుగుతూ వచ్చినవి సున్నా దగ్గరే ఉంటే తీగలు తారుమారు, అడ్రస్ తప్పు, లేదా అవతల పరికరం చచ్చిపోయింది. వచ్చినవి పెరుగుతూ వాటిలో ఫ్రేమింగ్ (అక్షరం హద్దు), పారిటీ తప్పులు కూడా పెరుగుతుంటే బాడ్ రేటు (లైను వేగం), పారిటీ చూడండి. ఫ్రేమింగ్ బాగుండి సీఆర్‌సీ ఒక్కటే తప్పుతుంటే నాయిస్, టెర్మినేషన్, లేదా ఒకే అడ్రస్ ఉన్న రెండు పరికరాలు ఒకేసారి జవాబిస్తున్నాయి.

పీఎల్‌సీ పోర్టు

పీఎల్‌సీ కథ చిన్నది. గేట్‌వే పోర్టూ, పీఎల్‌సీ పోర్టూ రెండూ డీటీఈ రకం (కంప్యూటర్ వైపు పోర్టు, రెండిట్లోనూ పంపే పిన్ను ఒకటే). మధ్యలో వేసింది మోడెమ్‌కి వాడే సూటి కేబుల్. ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడుతున్నారు, రెండో తీగ మీద ఇద్దరూ వింటున్నారు. తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో ఇది తేల్చుకోవడానికి అర నిమిషం చాలు. కేబుల్ ఊడదీసి పవర్ ఉన్న పోర్టు మీద 5వ పిన్ను గ్రౌండుగా పెట్టుకుని 2, 3 పిన్నుల వోల్టేజీ చూడాలి. పంపే పిన్ను ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ 5 నుంచి మైనస్ 12 మధ్య నిలుస్తుంది, వినే పిన్ను సున్నా దగ్గర ఉంటుంది. రెండు పరికరాల్లోనూ 3వ పిన్నే మైనస్‌లో కనబడితే క్రాస్ కేబుల్ కావాలి: 2 నుంచి 3కి, 3 నుంచి 2కి, 5 నుంచి 5కి.

అలా వేశాక కూడా పీఎల్‌సీ పలకలేదు. దానికి హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఉంది, సీటీఎస్ ('పంపవచ్చు' అని చెప్పే పిన్ను) లేచేదాకా పంపదు. పీఎల్‌సీ వైపు కనెక్టర్‌లో 7, 8 పిన్నులు కలిపితే సరిపోయింది. ఆర్‌ఎస్-232 కేబుల్‌ను 15 మీటర్ల లోపే ఉంచండి, ఇక్కడ ప్యానెల్ లోపలే కాబట్టి 2 మీటర్లు. గేట్‌వే పోర్టు మీదే అనుమానం ఉంటే 2, 3 పిన్నులు కలిపి పంపింది తిరిగి వస్తోందా చూడటమే అన్నిటికన్నా తేలికైన పరీక్ష.

అడ్రస్ గొడవ ఒకటి మిగిలింది. పీఎల్‌సీ అడ్రస్ 1, మీటర్ 1 అడ్రసూ 1. పోర్టులు వేరైనా బయటి నుంచి వచ్చే మోడ్‌బస్ టీసీపీ (మోడ్‌బస్‌కి నెట్‌వర్క్ రూపం) ప్రశ్న ఒకే నెట్‌వర్క్ పోర్టు 502కి వస్తుంది కాబట్టి యూనిట్ ఐడీ (ప్రశ్నలో రాసిన పరికరం అడ్రస్) చూసే గేట్‌వే దారి ఎంచుకుంటుంది. గేట్‌వే పట్టికలో 1 నుంచి 7 వరకు పీ2కి, 21ని పీ1కి పంపి అక్కడ 1గా మార్చమని రాశారు. పీఎల్‌సీ ప్రోగ్రామ్ ముట్టుకోవాల్సిన పని పడలేదు.

ఎవరు ఎంతసేపు ఆగాలి

ఒక్క మీటర్‌కు కరెంట్ తీస్తే అన్నీ ఎర్రబడటం ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టిన లక్షణం. దానికి తీగలో ఏ తప్పూ లేదు.

మొదట్లో గేట్‌వేని ముడి టీసీపీ మోడ్‌లో పెట్టారు. అంటే సీరియల్ బైట్లను ఉన్నవున్నట్టు టీసీపీలో పోసి పంపడం. ఈథర్నెట్ మీద ఇది బండి లాగుతుంది. సెల్యులర్ మీద బైట్లు ముక్కలై, ఆగి ఆగి వస్తాయి. ఒక ప్యాకెట్ పోతే లినక్స్‌లో టీసీపీ తిరిగి పంపడానికి కనీసం 200 మిల్లీసెకన్లు ఆగుతుంది, మళ్లీ పోతే ఆ ఆగడం రెట్టింపవుతుంది. మూడున్నర అక్షరాల నిశ్శబ్దంతో ఫ్రేము హద్దులు గుర్తించే ప్రోటోకాల్‌కి ఈ ఆలస్యాల మధ్య హద్దు ఎక్కడో తెలియదు. ఆర్‌టీయూని టీసీపీగా మార్చే పని గేట్‌వేలోనే జరగాలి. మోడ్‌బస్ టీసీపీ ఫ్రేములో పొడవు ముందే రాసి ఉంటుంది, లావాదేవీ సంఖ్య ఉంటుంది, ముక్కలైనా కలుపుకోగలదు. మోడ్ మార్చారు, సగం బాధ పోయింది.

మిగతా సగం టైమవుట్లలో ఉంది. గేట్‌వేలో స్లేవ్ (జవాబివ్వాల్సిన పరికరం) టైమవుట్ 3 సెకన్లు, రీట్రైలు (మళ్లీ అడగడాలు) 3. స్కాడాలో టైమవుట్ 1 సెకను, రీట్రైలు 2. చచ్చిన మీటర్‌ను అడిగిన ఒక్కో ప్రశ్న మీద గేట్‌వే నాలుగు ప్రయత్నాలు చేసి 12 సెకన్లు లైను పట్టుకుని కూర్చుంటుంది. ఈలోగా స్కాడా ఒక సెకను ఆగి, జవాబు లేదని అదే ప్రశ్న మళ్లీ అడుగుతుంది, ఇంకోసారి అడుగుతుంది. గేట్‌వే క్యూలో ఒకే ప్రశ్న మూడుసార్లు చేరింది, వాటికి 36 సెకన్లు. పోల్ చక్రం (అన్నిటినీ ఒకసారి అడిగి వచ్చే గడువు) 10 సెకన్లే. క్యూ ఎప్పటికీ ఖాళీ కాదు. బతికున్న మీటర్ల ప్రశ్నలు దాని వెనక ఎదురుచూస్తూ స్కాడా దృష్టిలో టైమవుట్ అయిపోతాయి. ఎప్పుడో వచ్చే జవాబును అడిగినవాడు అప్పటికే మర్చిపోయి ఉంటాడు. టైమవుట్ అయినప్పుడల్లా కనెక్షన్ తెంచి కొత్తది తెరిచే స్కాడా డ్రైవర్ అయితే ఇంకా ఘోరం. గేట్‌వేలో పాత కనెక్షన్లు సగం తెరుచుకుని మిగిలిపోతాయి, దాని పరిమితి నిండాక కొత్తవాటిని తీసుకోదు.

లోపలివాడు తక్కువ, బయటివాడు ఎక్కువ ఆగాలి. మీటర్ గట్టిగా 150 మిల్లీసెకన్లలో పలుకుతుందని కొలిచి తెలుసు. గేట్‌వే టైమవుట్ 400 మిల్లీసెకన్లు, రీట్రై 1 పెట్టారు. పూర్తిగా చచ్చిన మీటర్ మీద కూడా 0.83 సెకన్లలో గేట్‌వే చేతులెత్తేస్తుంది. సెల్యులర్ రాకపోకలు మామూలుగా 80 మిల్లీసెకన్లు, చెడు గడియల్లో ఒకటిన్నర సెకను దాకా పోతున్నాయి. రెండూ కలిపితే 2.3. స్కాడా టైమవుట్ 3 సెకన్లు, రీట్రై 1. స్కాడా డ్రైవర్ ఒకసారికి ఒకే ప్రశ్న పంపేలా కట్టడి చేశారు. ఏడు పరికరాలూ ఒకేసారి చచ్చినా పీ2 మీద 6 సెకన్లలో చక్రం తిరుగుతుంది. పీఎల్‌సీ వేరే పోర్టు, వేరే క్యూ, వేరే కనెక్షన్ కాబట్టి దానికి ఈ గోలతో సంబంధం ఉండదు.

దీనికి తోడు ఒక చిన్న టిక్కు పెట్టె ఉంది, కొన్ని గేట్‌వేల్లో ఆఫ్‌లో ఉంటుంది: స్లేవ్ పలకకపోతే ఎక్సెప్షన్ కోడ్ 11 తిరిగి పంపడం. హెక్స్‌లో అది 0బీ. అర్థం 'గేట్‌వే బాగుంది, అవతలి పరికరం జవాబివ్వలేదు'. ఇది ఆన్ చేశాక స్కాడా మౌనానికీ కోడ్ 11కీ తేడా చూపించగలదు. మౌనం వస్తే మోడెమ్ వైపు, 11 వస్తే మీటర్ వైపు. నెట్‌వర్క్ వాళ్లకీ మీటర్ల వాళ్లకీ మధ్య వాదన అక్కడితో ఆగింది. అలారం లిస్టులో రెంటికీ వేర్వేరు మాటలు రాయించడం మర్చిపోవద్దు, స్కాడాలో రెంటినీ 'కామ్ ఫెయిల్' అనే రాస్తే ఈ కష్టమంతా వృథా.

మోడెమ్

ఇక పచ్చ లైటు సంగతి. ఆ లైటు చెప్పేది మోడెమ్ నెట్‌వర్క్‌లో రిజిస్టర్ అయిందని మాత్రమే. డేటా సెషన్ తెరిచి ఉందా, ఆ సెషన్‌లో ప్యాకెట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయా అన్నది అది చెప్పదు.

మోడెమ్‌ని మొదట ఒంటరిగా పరీక్షించాలి. గేట్‌వే డయాగ్నస్టిక్ టెర్మినల్‌లో ఏటీ కమాండ్లు (మోడెమ్‌ను నేరుగా అడిగే ఆజ్ఞలు) వరుసగా ఇచ్చి చూశారు. ఏటీ+సీపీఐఎన్? అంటే రెడీ అని రావాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. సిమ్‌కు పిన్ లాక్ ఉండి గేట్‌వేలో తప్పు పిన్ రాసి ఉంటే, రీబూట్ అయిన ప్రతిసారీ అది ఒక ప్రయత్నం తింటుంది. మూడు తప్పులకు పీయూకే (సిమ్ అన్‌లాక్ కోడ్) అడుగుతుంది, పీయూకే 10 సార్లు తప్పితే సిమ్ చెత్తబుట్టకే. మనిషి ఉండని సైట్‌కు వెళ్లే సిమ్ లాక్‌ను ఫోన్‌లో పెట్టి ముందే తీసేయడం మేలు. తర్వాత ఏటీ+సీఈఆర్ఈజీ? జవాబులో రెండో అంకె 1 అయితే సొంత నెట్‌వర్క్, 5 అయితే రోమింగ్, 2 దగ్గరే తిరుగుతుంటే యాంటెన్నానో బ్యాండో చూడాలి, 3 వస్తే నెట్‌వర్క్ తిరస్కరించింది, సిమ్ యాక్టివేట్ కాలేదేమో కనుక్కోవాలి. 1 వచ్చి డేటా రాకపోతే ముందు ఏపీఎన్ (ఆపరేటర్ డేటా ద్వారం పేరు) చూడాలి. ఇక్కడ ఏపీఎన్ చివర ఒక ఖాళీ అక్షరం కాపీలో అంటుకుని వచ్చింది. కంటికి కనబడదు, ఏటీ+సీజీడీసీఓఎన్‌టీ? ఇచ్చి కొటేషన్ గుర్తుల మధ్య చూస్తేనే దొరుకుతుంది.

సిగ్నల్ దగ్గర ఏటీ+సీఎస్‌క్యూ 12 చూపింది. ఆ సంఖ్యను రెట్టింపు చేసి 113 తీసేస్తే మైనస్ 89 డీబీఎం (సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం). ఫర్వాలేదనిపిస్తుంది. కానీ ఎల్‌టీఈలో అది బ్యాండ్ మొత్తం మీద పడే శక్తి, పక్క టవర్ల గోలతో సహా. చూడాల్సింది ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అది ఒక్క రెఫరెన్స్ సబ్‌క్యారియర్ బలం. 10 మెగాహెర్ట్జ్ క్యారియర్‌లో 600 సబ్‌క్యారియర్లు ఉంటాయి కాబట్టి రెండు కొలతల మధ్య 28 డీబీ దాకా తేడా సహజం. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 117 ఉంది. అది కొన ఊపిరి.

కారణం యాంటెన్నా కనెక్టర్‌లో దొరికింది. మోడెమ్ పోర్టు ఎస్‌ఎంఏ (మరతో బిగించే చిన్న యాంటెన్నా కనెక్టర్), మధ్యలో రంధ్రం. దానికి వచ్చే యాంటెన్నా మధ్యలో సన్నని పిన్ను ఉండాలి. బిగించి ఉన్నది వైఫై యాంటెన్నా, రివర్స్ ఎస్‌ఎంఏ, దాని మధ్యలోనూ రంధ్రమే. మరలు చక్కగా ఎక్కుతాయి, చేతికి గట్టిగా తగులుతుంది, లోపల మాత్రం రాగి రాగిని తాకదు. సరైన యాంటెన్నా పెట్టగానే ప్యానెల్ లోపలే మైనస్ 108కి వచ్చింది. ఇనుప ప్యానెల్ లోపల నుంచి తీసి బయట కప్పు మీద పెట్టి 3 మీటర్ల తక్కువ నష్టపు కేబుల్‌తో తెచ్చాక మైనస్ 93. కేబుల్ పొడవు మీద పిసినారితనం చూపించాల్సిందే. సన్నని ఆర్‌జీ-58 మీద 1800 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు ముప్పావు డీబీ పోతుంది, 10 మీటర్లు లాగితే కొన్న యాంటెన్నా గెయిన్ అంతా కేబులే తినేస్తుంది. రెండో యాంటెన్నా పోర్టును ఖాళీగా వదలకూడదు, రిసెప్షన్‌కు అది కూడా వాడతారు.

టన్నెల్, వాచ్‌డాగ్

మోడెమ్‌కి వచ్చిన ఐపీ 100.64తో మొదలవుతోంది. అది ఆపరేటర్ నాట్ (ఒకే బయటి అడ్రస్‌ను ఎందరికో పంచే ఏర్పాటు) వెనక అందరూ పంచుకునే అడ్రస్ (100.64.0.0/10 ఆ పనికే కేటాయించారు). బయటి నుంచి దానికి ఎవరూ రాలేరు, గేట్‌వేలో రాసి ఉంచిన పోర్ట్ ఫార్వార్డింగ్ ఏ పనికీ రాలేదు. అది మంచికే అయింది. మోడ్‌బస్‌లో పాస్‌వర్డ్ అనేదే లేదు. పోర్టు 502 ఇంటర్నెట్ మీద తెరిచి ఉంటే పంపు ఆపే కమాండ్ ఎవరైనా పంపవచ్చు. గేట్‌వేనే లోపలి నుంచి బయటికి వైర్‌గార్డ్ (ఒక వీపీఎన్ సాఫ్ట్‌వేర్) టన్నెల్ తెరిచేలా పెట్టారు. 502 ఆ టన్నెల్ మీద నుంచి మాత్రమే, స్కాడా సర్వర్ అడ్రస్ నుంచి మాత్రమే అందుతుంది. నాట్ పట్టిక నుంచి టన్నెల్ జారిపోకుండా కీప్-అలైవ్ 25 సెకన్లు, ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1420 బైట్లు. సైట్ లోపలి నెట్‌వర్క్‌ను డిఫాల్ట్ 192.168.1.0 నుంచి ఈ సైట్‌కే ప్రత్యేకమైన అడ్రస్‌కి మార్చారు. రెండో సైట్ కలిపిన రోజు రెండూ ఒకే అడ్రస్ అయితే టన్నెల్ ఎటు పంపాలో తెలియక నిలుస్తుంది.

వైర్‌గార్డ్‌లో ఒక చిక్కు ముందే తెలుసుకోవాలి. హ్యాండ్‌షేక్‌లో (టన్నెల్ తెరిచేటప్పటి తొలి పలకరింపు) సమయం ఉంటుంది, గతంలో చూసిన దానికంటే పాత సమయంతో వస్తే సర్వర్ దాన్ని పాత ప్యాకెట్ మళ్లీ పంపినట్టుగా భావించి పారేస్తుంది. బ్యాటరీ గడియారం లేని గేట్‌వే పవర్ పోయి వస్తే దాని తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, టన్నెల్ నిలవదు. టైమ్ సర్వర్‌ను టన్నెల్ అవతల పెట్టి ఉంటే గడియారం సరిదిద్దుకోవడానికి టన్నెల్ కావాలి, టన్నెల్‌కి గడియారం కావాలి. ఎన్‌టీపీని (టైమ్ సర్వర్‌ను సమయం అడిగే ప్రోటోకాల్) టన్నెల్ బయటి దారిలోనే వెళ్లనివ్వాలి.

డేటా లెక్క కూడా ఇక్కడే వేసుకోవాలి. ప్రశ్న, జవాబు, అందినట్టు చెప్పే ప్యాకెట్ కలిపి టన్నెల్ బరువుతో సుమారు 370 బైట్లు. 8 పరికరాలు, 10 సెకన్లకోసారి అంటే రోజుకు 25 ఎంబీ, నెలకు 770 ఎంబీ దాకా. మీటర్ రీడింగులకు 60 సెకన్లు చాలని తేలింది. పీఎల్‌సీ, ఫ్లో మీటర్ మాత్రమే 10 సెకన్ల మీద ఉంచారు.

సైట్ మాయమైపోయే జబ్బుకు మందు వాచ్‌డాగ్, అంటే లింకు నిలిచిందో లేదో చూస్తూ పోతే తానే తిరిగి లేపే ఏర్పాటు. పాతదాంట్లో అదేమీ లేదు. ఆపరేటర్ వైపు డేటా సెషన్ తెగినా మోడెమ్‌కి తెలియక పచ్చ లైటుతో కూర్చునేది. ఇప్పుడు టన్నెల్ అవతలి అడ్రస్‌నూ, ఇంటర్నెట్ మీద ఒక అడ్రస్‌నూ నిమిషానికోసారి పింగ్ చేస్తుంది. బయటి పింగ్ వస్తూ టన్నెల్ పింగ్ ఒక్కటే పోతే టన్నెల్ తిరిగి లేపుతుంది, మోడెమ్ జోలికి పోదు. రెండూ మూడుసార్లు వరుసగా పోతే డేటా సెషన్ తెంచి తెరుస్తుంది, ఐదుసార్లు పోతే ఏటీ+సీఎఫ్‌యూఎన్=1,1తో మోడెమ్ రీసెట్. గేట్‌వే మొత్తం రీబూట్ మాత్రం 30 నిమిషాలు ఏదీ పలకకపోతేనే, గంటకు ఒకసారి మించకుండా.

ఆ 30 నిమిషాలు ఊరికే రాసిన అంకె కాదు. నెట్‌వర్క్‌కి అటాచ్ కావడంలో ఐదుసార్లు విఫలమైతే ఎల్‌టీఈ మోడెమ్ ఒక టైమర్ పెట్టుకుని ఆగాలి, దాని డిఫాల్ట్ 12 నిమిషాలు. 10 నిమిషాలకే రీబూట్ చేసే వాచ్‌డాగ్ పెడితే, టవర్ పక్క నుంచి చిన్న ఆటంకం వచ్చినప్పుడు గేట్‌వే రీబూట్ల మధ్యే తిరుగుతుంది. ఆ రీబూట్ల వేళ ఈథర్నెట్ మీదున్న లోకల్ డిస్‌ప్లేకీ రీడింగులు ఆగిపోతాయి.

అప్పగించే ముందు చేసిన పరీక్షలు మూడు. మీటర్ 5 ఫ్యూజ్ తీశారు: దానికి కోడ్ 11, మిగతావన్నీ తమ తమ సమయానికే తాజా అయ్యాయి. రెండు యాంటెన్నాలూ ఊడదీసి పది నిమిషాలాగి బిగించారు: మనిషి చెయ్యి పడకుండా టన్నెల్ తిరిగి వచ్చింది. గేట్‌వే పవర్ తీసి పెట్టారు: గడియారం దిద్దుకుని, టన్నెల్ లేచి, మొదటి రీడింగ్ స్కాడాకి చేరేదాకా పట్టిన సమయం రాసుకున్నారు. ఓంలు, నిశ్శబ్ద వేళ వోల్టేజీ గేట్‌వే దగ్గరా చివరి మీటర్ దగ్గరా, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, టైమవుట్లు, రీట్రైలు, యూనిట్ ఐడీల పట్టిక, అన్నీ ఒక కాగితం మీద రాసి ల్యామినేట్ చేసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించారు. తర్వాత వచ్చేవాడు ముందు ఆ అంకెలతో పోల్చి చూసుకుంటాడు, సెట్టింగులు ఆ తర్వాతే ముట్టుకుంటాడు.